మెదడుకు నకలు తీయబూనిన పదేండ్లు

ఒక గ్రంథం వెలువడితే దానిని విమర్శించే ఆచారం మనకున్నది. ఒక నాటకం ఆడితే మరునాడు నలుగురూ దాని మంచిచెడ్డలు చెప్పుకుంటారు. కాని ఒక పెద్ద శాస్త్ర పరిశోధన ముగిసినప్పుడు దాని గుణదోషాలను విచారించే పనిని సాధారణంగా ఆ శాస్త్రజ్ఞులకే వదలివేస్తాము. ఇది సరియైన పద్ధతి కాదని నా అభిప్రాయం. పరిశోధన ప్రజల డబ్బుతో జరుగుతుంది. రోగుల పేరు చెప్పి జరుగుతుంది. ఏమి చేస్తామని మొదట వ్రాసి ఇచ్చారో, చివరకు ఏమి చేశారో రెండూ అచ్చులో ఉన్నప్పుడు వాటిని ప్రక్కప్రక్కన పెట్టి చదవటానికి అభ్యంతరమేమిటి?

ఆ విధంగా చదవదగిన వాటిలో ముఖ్యమైనది యూరపులో జరిగిన హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టు. అది 2013 అక్టోబరులో ప్రారంభమై 2023 సెప్టెంబరు 30వ తేదీతో ముగిసింది. వందకు పైగా విశ్వవిద్యాలయాలు, పరిశోధనాలయాలు, ఆసుపత్రులు ఇందులో చేరినవి. నాడీశాస్త్రజ్ఞులు, వైద్యులు, భౌతికశాస్త్రజ్ఞులు, గణితజ్ఞులు, కంప్యూటరు ఇంజనీర్లు, చివరకు తత్త్వశాస్త్రం చదివినవారు కూడ ఒకే పందిరి క్రిందికి వచ్చారు. మొదట అనుకున్న వ్యయం నూరు కోట్ల యూరోలు. చివరకు తేలిన లెక్క 60 కోట్ల 70 లక్షల యూరోలు. అందులో 40 కోట్ల 60 లక్షలు యూరోపియన్ యూనియను ఇచ్చినది.

వాగ్దానం ఏమిటి? దీనికి మూలపురుషుడు హెన్రీ మార్‌క్రమ్. ఆయన స్విట్జర్లండులోని లోజాను నగరంలో ఉన్న సాంకేతిక విశ్వవిద్యాలయంలో 2005లో బ్లూ బ్రెయిన్ అనే పరిశోధనను ఆరంభించాడు. ఎలుక మెదడు పైపొరలోని నాడీకణాలను ఒక్కొక్కటిగా కొలిచి, వాటి ఆకారాన్ని, విద్యుత్ ప్రవర్తనను గణిత సమీకరణాలుగా వ్రాసి, కంప్యూటరులో ఆ కణాలను మళ్ళీ పుట్టించి కలపటం ఆయన పద్ధతి. ఇక్కడి వరకు చక్కని శాస్త్రమే. కాని 2009లో ఆక్స్‌ఫర్డులో జరిగిన ఒక సభలో ఆయన, మనిషి మెదడు మొత్తాన్ని పదేండ్లలో ఇట్లాగే కంప్యూటరులో నిర్మించటం సాధ్యమేనని చెప్పాడు. 2013 జనవరిలో యూరోపియన్ కమిషను నిధులు ప్రకటించినప్పుడు ఈ ఆశయే దానికి ప్రాణం. నకలు మెదడు తయారైతే దానిలో రోగాలను కల్పించి చూడవచ్చు, మందులను దానిమీద పరీక్షించవచ్చు, దాని పోలికలో కొత్తరకం కంప్యూటర్లను నిర్మించవచ్చు అన్నారు. నాడీశాస్త్రానికి మార్‌క్రమ్, కంప్యూటర్లకు హైడెల్‌బర్గు భౌతికశాస్త్రజ్ఞుడు కార్ల్‌హైన్జ్ మయర్, వైద్యానికి లోజాను నాడీవైద్యుడు రిచర్డ్ ఫ్రాకొవియాక్ నాయకులయ్యారు.

ఈ వాగ్దానం ఎంతటిదో అంకెలతోనే తెలుస్తుంది. మనిషి మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలు ఉన్నవని బ్రెజిలు శాస్త్రజ్ఞురాలు సుజానా హెర్కులానో-హౌజెల్, ఆమె సహచరులు 2009లో లెక్క తేల్చారు. బ్లూ బ్రెయిన్ వారు పదేండ్ల కృషి తరువాత 2015లో ప్రకటించిన నకలులో 31,000 కణాలు, సుమారు 3 కోట్ల 70 లక్షల సైనాప్సులు ఉన్నవి. సైనాప్సు అంటే ఒక నాడీకణపు కొస మరొక కణాన్ని తాకీ తాకనట్లు నిలిచి, తన కబురును రసాయన ద్రవ్యంగా దానికి అందించే చోటు. ఆ నకలుకు మాతృక ఎలుక మెదడులో 0.29 ఘన మిల్లీమీటరు ముక్క. ఆవగింజంత కూడ లేదు. దానినుంచి మనిషి మెదడుకు పోవాలంటే కణాల సంఖ్యలోనే 27 లక్షల రెట్లకు పైగా పెరగాలి. 2024లో హార్వర్డు విశ్వవిద్యాలయం, గూగుల్ సంస్థ కలిసి మనిషి మెదడులో ఒక్క ఘన మిల్లీమీటరు ముక్కను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు క్రింద పటం గీశారు. అందులో సుమారు 57,000 కణాలు, 15 కోట్ల సైనాప్సులు కనిపించినవి. ఆ పటాన్ని దాచటానికి 1,400 టెరాబైట్ల చోటు పట్టినది. మెదడు మొత్తం ఇటువంటి ముక్కలు పన్నెండు లక్షలకు తక్కువ కాదు.

అయితే పెద్ద పని అన్నంతమాత్రాన తప్పు పని కాదు. ఈ ప్రాజెక్టును పరిహసించేవారు చాలమంది అంకెలవద్దనే ఆగిపోతారు. అది న్యాయం కాదు. కంప్యూటర్ల శక్తి పెరుగుతూనే ఉన్నది; ఈనాటి పెద్ద అంకె రేపటికి చిన్నది కావచ్చును. నా అభ్యంతరం వేరు. నేను భౌతికశాస్త్రం బోధించేవాడిని. ఒక ప్రకృతి వ్యవస్థను లెక్కలో నడిపించటమంటే ఏమిటో మా శాస్త్రంలో మంచి ఉదాహరణలున్నవి. బంగాళాఖాతంలో పుట్టిన తుపాను ఏ తీరానికి వస్తుందో ఈనాడు కొన్ని రోజులు ముందుగా చెప్పగలుగుతున్నాము. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖపట్టణం వద్ద తీరం దాటుతుందని వాతావరణశాఖ ముందే హెచ్చరించగలిగింది. దానికి కారణం పెద్ద కంప్యూటరు ఒక్కటే కాదు. గాలి, నీటి ఆవిరి, వేడి ఎట్లా చలిస్తాయో తెలిపే సమీకరణాలు కంప్యూటరు పుట్టకముందే మనకు తెలుసు. లెక్క తప్పినప్పుడు ఎక్కడ తప్పిందో మరునాటి గాలి మనకు చూపుతుంది.

మెదడు విషయంలో ఈ రెండు సౌకర్యాలలో ఒకటి సగమే ఉన్నది, రెండవది దాదాపు లేదు. ఒక నాడీతంతువులో విద్యుత్ స్పందన ఎట్లా పరుగెడుతుందో హాడ్జ్‌కిన్, హక్స్‌లీ 1952లోనే సమీకరణాలుగా వ్రాశారు. స్క్విడ్ అనే సముద్రజీవి తాలూకు లావైన తంతువుమీద చేసిన ఆ పనికి 1963లో నోబెల్ బహుమానం వచ్చింది. బ్లూ బ్రెయిన్‌కు కూడ పునాది అదే. కాని ఒక కణం నడక తెలిసినంత మాత్రాన కోట్ల కణాల కూటమి ఎట్లా నడుస్తుందో తెలియదు. ఏ సైనాప్సు ఎంత బలమైనది? నేర్చుకున్నప్పుడు అది ఎంత మారుతుంది? నిద్రలో, భయంలో, ఆకలిలో మెదడంతటా వ్యాపించే రసాయనాలు ఆ బలాలను ఎట్లా మార్చివేస్తవి? ఇవి కొలిచి ఎరిగినవి కావు. చాలవరకు ఊహించి వేసుకున్న అంకెలు. పైగా నకలు మెదడు తప్పుగా నడిస్తే, తప్పు అని తీర్పు చెప్పటానికి దేనితో పోల్చాలి?

ఒక చిన్న పురుగు కథ ఇక్కడ చెప్పాలి. మట్టిలో బ్రతికే సి. ఎలిగాన్స్ అనే మిల్లీమీటరు పొడవు పురుగుకు 302 నాడీకణాలు మాత్రమే ఉన్నవి. వాటి అల్లిక మొత్తాన్ని సిడ్నీ బ్రెన్నర్ బృందం 1986లోనే అచ్చు వేసింది. 302 కణాల పటం చేత ఉండి కూడ, ఆ పురుగు ఎప్పుడు ముందుకు ప్రాకుతుందో, ఎప్పుడు వెనుదిరుగుతుందో పటాన్నుంచే పూర్తిగా రాబట్టటం ఈనాటికీ సాధ్యం కాలేదు. అటువంటప్పుడు 8,600 కోట్ల కణాల విషయంలో పదేండ్ల గడువు ఏ లెక్కన వేశారు? శాస్త్రజ్ఞుడు తాను చేయగలిగిన దానికంటె పెద్ద మాట ఆడటం మానవ సహజమే. ఆ మాట నిధుల దరఖాస్తుకు మొదటి వాక్యం కావటమే చిక్కు.

చిక్కు త్వరలోనే బయటపడింది. 2014 జూలైలో శాస్త్రజ్ఞులు కొందరు యూరోపియన్ కమిషనుకు ఒక బహిరంగ లేఖ వ్రాశారు. సంతకాలు చివరకు ఏడు వందలు దాటినవి. ప్రాజెక్టు మార్గం మరీ ఇరుకైనదని, నిర్వహణ కొద్దిమంది చేతులలో ఉన్నదని వారి ఫిర్యాదు. ముఖ్యంగా, జ్ఞాపకం, భాష, శ్రద్ధ మొదలైన మనోవ్యాపారాలను పరిశోధించే శాఖను ప్రధాన కార్యక్రమంనుంచి తొలగించటం వారికి కోపం తెప్పించింది. ఆ కోపం న్యాయమైనదే. మెదడు ఏమి చేస్తుందో చూచే వారిని బయటకు పంపి, మెదడు దేనితో చేయబడినదో చూచేవారు మాత్రమే లోపల ఉంటే, కట్టిన నకలు మెదడువలె నడుస్తున్నదా లేదా అని చెప్పే దిక్కు ఎవరు? మధ్యవర్తుల సంఘం 2015లో ఇచ్చిన నివేదిక చాలవరకు విమర్శకుల పక్షమే వహించింది. ముగ్గురు నాయకుల కార్యవర్గం రద్దయింది. జర్మనీలోని యూలిష్ పరిశోధనాలయానికి చెందిన కాట్రిన్ ఆముంట్స్ 2016లో శాస్త్ర విభాగానికి అధిపతి అయ్యారు. నకలు మెదడు మాట క్రమంగా వెనుకకు పోయి, పరిశోధకులందరికీ పనికివచ్చే సాధనాలు, పటాలు అనే మాట ముందుకు వచ్చింది.

2013 ఏప్రిలులో అమెరికా ప్రారంభించిన బ్రెయిన్ ఇనీషియేటివ్ మొదటినుంచే ఈ రెండవ మాటతో బయలుదేరింది. మెదడును కట్టుతామని వారు అనలేదు. మెదడును చూడటానికి మంచి పనిముట్లు చేస్తామన్నారు. అందుచేత వారికి ఇంత అప్రతిష్ఠ రాలేదు.

ఇక ఫలాలను చూద్దాము. మనిషి మెదడు పటాలలో పేరు పొందినది బిగ్ బ్రెయిన్. మరణించిన 65 ఏండ్ల వ్యక్తి మెదడును 20 మైక్రోమీటర్ల మందంతో 7,404 పొరలుగా కోసి, ప్రతి పొరకు రంగువేసి, చిత్రం తీసి, ఆ చిత్రాలను కంప్యూటరులో మళ్ళీ మెదడుగా పేర్చారు. ఒక ఉల్లిపాయను పొరలుపొరలుగా కోసి, తిరిగి ఆ పొరలను చిరుగులు సరిచేస్తూ ఉల్లిపాయగా నిలబెట్టటం ఎంత కష్టమో ఆలోచించండి. మాంచెస్టరులో స్టీవ్ ఫర్బర్ బృందం పది లక్షల చిన్న ప్రాసెసర్లను నాడీకణాల పోలికలో కలిపి 2018లో స్పిన్నాకర్ యంత్రాన్ని పూర్తి చేసింది. ఆమ్‌స్టర్‌డామ్‌లో 2020లో కోతుల మెదడు వెనుకభాగంలో 1,024 ఎలక్ట్రోడులను అమర్చి, కంటితో పని లేకుండానే అక్షరాల ఆకారాలను గుర్తింపజేశారు. అంధులకు ముందుముందు ఇది ఉపకరించవచ్చును.

వీటిలో ఒక విశేషం ఉన్నది. బిగ్ బ్రెయిన్ 2013 జూన్‌లోనే, అంటే ప్రాజెక్టు తలుపులు తెరవకముందే, అచ్చయింది. స్పిన్నాకర్ ఆలోచన కూడ అంతకు చాల ముందటిది. పందిరి వేయకముందే మొలిచిన తీగలివి. పందిరి వాటికి ప్రాకటానికి చోటిచ్చింది; నిజమే, అది తక్కువ ఉపకారం కాదు. కాని పందిరి వేసినవారు విత్తనాలు కూడ మావేనంటే ఒప్పుకోనక్కరలేదు.

రోగులకు అన్నిటికంటె దగ్గరగా వచ్చినది మార్సెయిల్‌లో విక్టర్ ఝిర్సా చేసిన మూర్ఛరోగ పరిశోధన. మూర్ఛరోగులలో సుమారు మూడవ వంతు మందికి మందులతో మూర్ఛలు అదుపు కావు. అటువంటి వారిలో కొందరికి, మూర్ఛ పుట్టేచోటును గుర్తించి శస్త్రచికిత్సతో తొలగిస్తే మేలు కలుగుతుంది. కష్టమంతా ఆ చోటును కనుక్కోవటంలో ఉన్నది. విద్యుత్ తుపాను మెదడంతా వ్యాపించిన తరువాత అది మొదలయిన మూల ఏదో తెలియదు. ఝిర్సా బృందం రోగి మెదడును ఎం.ఆర్.ఐ. ద్వారా చిత్రించి, దానిని కొన్ని ప్రాంతాలుగా విభజించి, ఏ ప్రాంతం దేనితో ఎంతగా ముడిపడి ఉన్నదో గణిస్తుంది. ఒక్కొక్క ప్రాంతానికి కొద్దిపాటి సమీకరణాలు వ్రాసి, ఏ ప్రాంతంనుంచి మూర్ఛ మొదలైతే ఆ రోగిలో కనిపించిన విద్యుత్ గీతలు వస్తాయో కంప్యూటరులో వెదకుతుంది. దీనివల్ల శస్త్రచికిత్స ఫలితం మెరుగవుతుందా అని తేల్చటానికి 2019లో ఫ్రాన్సులోని పలు ఆసుపత్రులలో మూడు వందలకు పైగా రోగులను చేర్చుకోవాలనే లక్ష్యంతో పరీక్ష ప్రారంభించారు.

ఇక్కడ పాఠకులు గమనింపదగిన సంగతి ఒకటి ఉన్నది. ఈ పద్ధతిలో నాడీకణాలే లేవు! లక్షల కణాల ప్రవర్తనను సగటు చేసి ఒక్క ప్రాంతంగా లెక్కించారు. ప్రతి కణాన్నీ నకలు తీస్తేనే రోగం అర్థమవుతుందన్నది మొదటి సిద్ధాంతం. రోగి మంచం దాకా నడిచి వచ్చినదేమో ఆ వివరాలన్నిటినీ వదలివేసిన లెక్క. వాయువు పీడనాన్ని కనుక్కోవటానికి ప్రతి అణువు జాడనూ వెంబడించనక్కరలేదని మేము డిగ్రీ తరగతులలో చెబుతాము. ఏ ప్రశ్నకు ఎంత వివరం అవసరమో తెలుసుకోవటమే సగం శాస్త్రం. ప్రాజెక్టు ప్రణాళికలో వివరం ఉన్నది గాని ప్రశ్న లేదు. దాని ప్రధాన లోపం ఇదేనని నేను అనుకుంటాను.

అనేక శాస్త్రాలు కలిసి పనిచేయటం మంచిదే, తప్పనిసరి కూడ. కాని ఆ కలయిక ఎట్లా జరుగుతుంది? కంపవాతానికి, అంటే పార్కిన్సన్ వ్యాధికి, మందు దొరికిన చరిత్ర చూడండి. 1937లో మద్రాసు విశ్వవిద్యాలయపు జీవరసాయన పరిశోధనాలయంలో దామోదరన్, రామస్వామి అనేవారు దూలగొండి విత్తనాలనుంచి లీవోడోపా అనే పదార్థాన్ని వేరుచేశారు. అంటుకుంటే ఒళ్ళంతా దురద పుట్టించే ఆ దూలగొండే. దానికి ఇరవైనాలుగు ఏండ్ల ముందే గుగ్గెన్‌హైమ్ అనే రసాయనజ్ఞుడు ఒక రకం చిక్కుడునుంచి ఈ పదార్థాన్ని తీశాడు. అప్పటికి దీనికీ మెదడుకూ సంబంధం ఉన్నదని ఎవరికీ తోచలేదు. మరొక ప్రక్క మన సర్పగంధి వేరునుంచి 1952లో స్విట్జర్లండులో రిసర్పీన్ అనే మందు తీశారు. అది రక్తపు పోటును తగ్గిస్తుంది. 1957లో స్వీడనులో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్ళకు రిసర్పీన్ ఇస్తే అవి కదలక మెదలక పడిపోయినవి; ఆ తరువాత డోపా ఇస్తే కొద్దిసేపటిలో లేచి తిరిగినవి. దానినిబట్టి మెదడులోని డోపమీన్ అనే పదార్థానికీ చలనానికీ సంబంధం తెలిసింది. 1960లో వియన్నాలో హార్నికీవిచ్, ఎరింగర్ కంపవాతంతో మరణించిన వారి మెదళ్ళను పరీక్షించి, చలనాన్ని నడిపే ప్రాంతాలలో డోపమీన్ బాగా తగ్గిపోయినదని చూపారు. మరుసటి ఏడు రోగులకు లీవోడోపా సూదిమందుగా ఇచ్చారు. 1967లో అమెరికాలో కాట్జియాస్ మోతాదును మెల్లమెల్లగా పెంచుతూ నోటితో ఇచ్చి, మంచానికి అంటుకుపోయినవారిని నడిపించాడు.

వృక్షశాస్త్రం, రసాయనం, మందుల శాస్త్రం, శవపరీక్ష, వైద్యం అన్నీ ఇందులో కలిసినవి. ఒక సంఘం లేదు, ఒక అధ్యక్షుడు లేడు. ఒక ప్రశ్నను మరొకరు అందుకున్నారు; అంతే. ఇది గొప్ప విజయమే గాని సంపూర్ణ విజయం కాదు. లీవోడోపా రోగాన్ని ఆపదు, లక్షణాలను అణచుతుంది. ఏండ్లు గడిచినకొద్దీ కొందరిలో అనవసరమైన కదలికలను పుట్టిస్తుంది. డోపమీన్ తయారుచేసే కణాలు అసలు ఎందుకు చనిపోతున్నవో ఇంకా పూర్తిగా తెలియలేదు. అటువంటి ప్రశ్నకు మాత్రం ఒక్కరి ప్రయోగశాల చాలదు. వేలాది రోగుల చిత్రాలు, జన్యువులు, దానమిచ్చిన మెదళ్ళు ఒకచోట చేరాలి. కనుక పెద్ద ప్రాజెక్టులే వద్దనే వారితో నేను ఏకీభవించను.

ఇందులో మన సంగతి కొంత ఉన్నది. మెదడును చదవాలంటే భౌతికశాస్త్రం, గణితం, జీవశాస్త్రం మూడూ రావాలి. మన జూనియర్ కళాశాలల్లో పదహారేండ్ల పిల్లవానిని ఎం.పి.సి. అని, బై.పి.సి. అని విడదీసి, ఒకరికి జీవకణాన్ని, మరొకరికి కలనగణితాన్ని దూరం చేస్తాము. హాడ్జ్‌కిన్, హక్స్‌లీ సమీకరణం చూపిస్తే మా భౌతికశాస్త్ర విద్యార్థులు దానిని సులభంగా సాధిస్తారు. సోడియం కణంలోనికి ఎందుకు పోతుందో చెప్పలేరు. ప్రక్క గదిలోని జంతుశాస్త్ర విద్యార్థులు అది చక్కగా చెబుతారు, సమీకరణం చూచి మొగం త్రిప్పుకుంటారు. విశ్వవిద్యాలయంలో శాస్త్రాల కలయికను గురించి ఎన్ని ఉపన్యాసాలు ఇచ్చినా ఈ గోడ అక్కడే నిలిచి ఉన్నది.

మన దేశంలో జరిగిన ప్రయత్నాలలో ప్రత్యేకంగా చెప్పదగినది మద్రాసు ఐ.ఐ.టి. వారిది. 2022లో అక్కడ ఏర్పడిన సుధా గోపాలకృష్ణన్ మెదడు పరిశోధనా కేంద్రం 2024 డిసెంబరులో ధరణి అనే పటాన్ని వెలువరించింది. గర్భస్థ శిశువు మెదడు నాలుగు, అయిదు, ఆరు నెలలలో ఎట్లా రూపొందుతుందో 5,132 పొరల చిత్రాలలో, కణాల స్థాయివరకు, ఇది చూపుతుంది. ఎవరైనా ఉచితంగా చూడవచ్చును. ఇంజనీర్లు, గర్భస్థ శిశువులను పరీక్షించే వైద్యులు, శవపరీక్ష నిపుణులు కలిసి చేసిన పని ఇది. దీనిలో నాకు నచ్చినది దాని పరిమితి. పటం గీస్తామన్నారు, గీశారు. అయితే పటం ఆరోగ్యవంతమైన మెదడును చూపితే సరిపోదు. పుట్టుకలోనే దెబ్బతిన్న మెదళ్ళతో, వృద్ధాప్యంలో క్షీణించిన మెదళ్ళతో పోల్చినప్పుడుగాని రోగికి దాని ప్రయోజనం అందదు. దేశంలో 60 ఏండ్లు పైబడిన వారిలో నూటికి ఏడుగురికి పైగా, సుమారు 88 లక్షల మంది మతిమరుపు వ్యాధులతో బాధపడుతున్నారని 2023లో అచ్చయిన ఒక అంచనా. పోల్చి చూడటానికి మెదళ్ళు కావాలి. బెంగుళూరులోని నిమ్‌హాన్స్‌లో 1995నుంచి ఒక మెదడు నిధి ఉన్నది. మరణానంతరం కళ్ళు దానమిచ్చే సంగతి మనవారికి తెలుసు. మెదడును దానమివ్వవచ్చునని ఎంతమందికి తెలుసు?

బ్లూ బ్రెయిన్ 2024 చివర మూతపడింది. హ్యూమన్ బ్రెయిన్ ప్రాజెక్టు మిగిల్చిన పటాలు, సాధనాలు ఈబ్రెయిన్స్ అనే సంస్థ చేతికి వచ్చినవి. వాటిని ఏండ్లతరబడి చెడిపోకుండా కాపాడటానికి ఖర్చవుతుంది, ఆ ఖర్చుకు పదేండ్ల ఆర్భాటం ఉండదు. ఇంటర్నెట్టు ఉన్న ఏ ఊరి కళాశాలలోనైనా విద్యార్థులు ఆ 65 ఏండ్ల వ్యక్తి మెదడు పొరలను తెరిచి చూడవచ్చును. చూచేవారు కణతల లోపలి వైపున, సముద్రపు గుర్రంవలె వంపు తిరిగిన హిప్పోకాంపస్‌ను వెదకండి. దానిని ఆనుకొని ఉన్న పొరలోనే ఆల్జీమర్స్ వ్యాధి చాలమందిలో మొదట తల ఎత్తుతుంది. రంగు పట్టిన కణాలు చుక్కలు చుక్కలుగా కనబడుతవి. వాటిని కలిపే తంతువులు మాత్రం ఆ పటంలో కనబడవు.